బిల్లులో లేని పని

వెల్డింగ్ షెడ్డు ముందు ఎవరు నిలబడినా నిప్పురవ్వలకేసే చూస్తారు. కళ్ళకు మంచిది కాదని తెలిసీ చూస్తారు. నేను మాత్రం ఎర్త్ క్లిప్ ఎక్కడ పట్టించారా అని వెతుకుతాను. అతుకు సాపుగా పడిందో లేదో చెప్పే అర్హత నాకు లేదు. ఆ క్లిప్పు ఉన్న చోటును బట్టి, పనిచేస్తున్న మనిషికి ఈ కాలపు కారు సంగతి తెలుసో లేదో మాత్రం చాలావరకు చెప్పగలను.

తిరుచానూరులో కాపురం ఉన్నవాడికి ఇలాంటి షెడ్ల ముందు నిలబడే యోగం తక్కువేమీ కాదు. కొండకు, అమ్మవారి గుడికి, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి తిరిగే టాక్సీలు ఏడాది పొడుగునా రోడ్డు మీదే ఉంటాయి. తుఫాన్లు, బొలెరోలు, ఇన్నోవాలు. నెత్తిన లగేజీ క్యారియరు, వెనక నిచ్చెన. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఊగీ ఊగీ ఎక్కడో ఒకచోట అతుకు విడుతుంది. సైలెన్సర్ బ్రాకెట్ తెగుతుంది. కాలికింది మ్యాట్ ఎత్తితే ఫ్లోరు తుప్పుపట్టి రోడ్డు కనిపిస్తుంది. కార్తీకంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు దగ్గర పడేకొద్దీ షెడ్ల దగ్గర ఒకటే మాట వినిపిస్తుంది: "రెండు టాకులే గదా మేస్త్రీ, కొట్టి పంపించెయ్. పార్టీ రేణిగుంటలో దిగతా ఉండారు."

అప్పుడు పడతాయి ఆ రెండు టాకులు, అంటే రెండు చిన్న అతుకులు. బ్యాటరీ బండిలోనే ఉంటుంది. పని జరిగే చోటేమో వెనక బంపర్ కింద. క్లిప్పు మాత్రం ముందు చక్రం దగ్గర, చేతికి ఏ ఇనుము అందితే దానికి. మేస్త్రీ రాడ్డు ముట్టిస్తాడు, ఓనరు డబ్బులిచ్చి వెళ్ళిపోతాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు. అసలు చిక్కంతా ఆ తొమ్మిదిసార్లతోనే.

కరెంటు వెల్డింగ్ మిషన్‌లోంచి బయల్దేరి, రాడ్డు కొసన ఇనుమును కరిగించి, అక్కడే ఆగిపోదు. ఎర్త్ కేబుల్ గుండా మళ్ళీ మిషన్‌కే చేరాలి. క్లిప్పు పక్కనే ఉంటే జానెడు దూరంలో పని ముగిసిపోతుంది. దూరంగా ఉంటే కారు మొత్తం దాటుకుంటూ రావాలి. దాటే దారిలో తుప్పుపట్టిన అతుకు ఉండొచ్చు, పెయింటు మీద పెయింటు కొట్టిన రేకు ఉండొచ్చు, గ్రీజు నిండిన చక్రం బేరింగు ఉండొచ్చు. అమ్మవారి పంచమి తీర్థం నాడు పుష్కరిణిలో మునిగి తిరిగివచ్చే జనాన్ని చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పెద్ద రోడ్డు తెరిచి ఉంటే అందరూ దాని మీదే పోతారు, అక్కడ అడ్డం పడితే సందుల్లోకి, గొందుల్లోకి, కడకు మన ఇంటి వసారాలోకి కూడా వస్తారు. కరెంటుకు కారులో అలాంటి సందులు చాలానే ఉన్నాయి. ఇంజిన్‌ను బాడీకి కలిపే జడలాంటి రాగి పట్టీ ఒకటి. కంప్యూటర్ పెట్టెలోంచి బయటికొచ్చి బాడీకి బిగించిన సన్నని నల్లవైరు ఒకటి. ఆ వైరును మిల్లీ ఆంపియర్ల కోసం, మహా అయితే కొన్ని ఆంపియర్ల కోసం వేశారు. అందులోకి పదుల ఆంపియర్లు దూరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇన్ని సందులు ఎందుకున్నాయంటే, కారు పుట్టినప్పటి పొదుపు ఒకటి అలా తయారుచేసింది. ఇంట్లో బల్బుకు రెండు వైర్లు వెళ్తాయి. కారులో చాలా సామాన్లకు ఒక్కటే వెళ్తుంది, రెండో వైరు పని బాడీ ఇనుమే చేస్తుంది. బ్యాటరీ మైనస్‌ను బాడీకి బిగించేశారు. ఒకప్పుడు కొన్ని బ్రిటిష్ బండ్లలో ప్లస్‌నే బిగించేవారు, అదొక తిక్క. హెడ్‌లైటు, హారను, వైపరు, ఇంజిన్ కంప్యూటరు, ఎయిర్‌బ్యాగ్ పెట్టె, అన్నీ తమ కరెంటును ఆ ఇనుములోకే వదులుతాయి. డిక్కీ కింద వేసిన టాకుకూ, బానెట్ కింద దాక్కున్న కంప్యూటరుకూ ఒకే నేల. పొదుపు చేసినవాళ్ళకు రాగి మిగిలింది. కారుకు మాత్రం ఏ మూల ఏం జరిగినా తక్కిన అన్ని మూలలకూ తెలిసే గుణం వచ్చిపడింది.

పాత మేస్త్రీలను తప్పుపట్టడం సులభం. నాకు మనసొప్పదు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు, రెండోది 1974లో వచ్చింది. ఈ రెంటి మధ్య ముప్పై ఏళ్ళలో కొండెక్కిన బండ్ల ఇంజిన్లు మారాయి, పేర్లు మారాయి, లోపలి కరెంటు మాత్రం పెద్దగా మారలేదు. బ్యాటరీ, డైనమో, కాయిలు, పాయింట్లు, బల్బులు. అన్నీ మొద్దు సరుకే. 1950ల చివరి నుంచి వచ్చిన అంబాసిడర్‌ను ఎక్కడ పట్టుకుని ఎక్కడ అతికినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఆల్టర్నేటర్ వచ్చాక అందులోని డయోడ్ల రూపంలో మొదటి సున్నితమైన వస్తువు కారులో అడుగుపెట్టింది. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1960లోనే వాలియంట్ కార్లలో దాన్ని పెట్టింది. మన దగ్గరికి తీరిగ్గా వచ్చింది. తెలిసిన మేస్త్రీలు వెల్డింగ్‌కు ముందు ఆల్టర్నేటర్ వైరు ఊడదీయడం అప్పుడే నేర్చుకున్నారు. తక్కినవాళ్ళకు ఆ అవసరమూ పడలేదు.

తర్వాత 2000 వచ్చింది. పొగ మీద దేశమంతటికీ కొత్త నిబంధనలు వచ్చాయి. మారుతి 800లో కూడా కార్బురేటర్ పోయి, పెట్రోలును లెక్కపెట్టి చిమ్మే కంప్యూటర్ కూర్చుంది. కారు బయటికి అదే కారు. అదే డబ్బా ఆకారం, అదే రేకు, అదే తుప్పు. పని నేర్పిన ముప్పై ఏళ్ళ అనుభవం చెల్లకుండా పోయిందన్న కబురు ఎవరూ మేస్త్రీకి ఉత్తరం రాసి చెప్పలేదు. "నేను ఎన్ని బండ్లకు కొట్టలేదు, ఏమయింది?" అనే మనిషి అబద్ధం ఆడటం లేదు. ఆయన చెబుతున్న బండ్లు వేరు, ఎదురుగా నిలబడ్డ బండి వేరు.

లెక్క వేసి చూసుకుంటే భయం కొంచెం అర్థమవుతుంది. పలచని రేకు అతకడానికైనా మిషన్ అరవై నుంచి నూరు ఆంపియర్ల దాకా తోస్తుంది. రాడ్డు మిషన్‌లో ఆర్క్ అంటుకోకముందు కొసన 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి, అంటుకున్నాక ఇరవై ముప్పైకి దిగుతుంది. తిరిగొచ్చే దారిలో ఓమ్‌లో నూరోవంతు అడ్డు ఉందనుకోండి, నూరు ఆంపియర్లకు ఆ దారి రెండు కొసల మధ్య తేడా 1 వోల్టు. పెద్ద విషయం కాదు. అదే దారిలో తుప్పు చేరి అడ్డు పదోవంతు అయితే తేడా 10 వోల్టులు. ఇంజిన్ కంప్యూటరు సెన్సర్లతో 5 వోల్టుల భాషలో మాట్లాడుతుంది. కంప్యూటర్లు తమలో తాము కబుర్లు చెప్పుకునే జంట వైర్లలో ఒకటి మూడున్నర వోల్టులకు ఎక్కితే, రెండోది ఒకటిన్నరకు దిగుతుంది, అంతే. రెండు వోల్టుల తేడాను మాటగా చదువుకునే వాటి కాళ్ళకింద నేలే పది వోల్టులు ఎగిరితే అవి ఏం వింటాయి, ఏం పలుకుతాయి? దీనికి తోడు రాడ్డు ఎత్తిన ప్రతిసారీ, పొడుగాటి కేబుల్ తనలో దాచుకున్న శక్తిని ఒక్క కుదుపుతో వదులుతుంది. రాడ్డు రేకుకు అంటుకుపోతే మేస్త్రీ విసుగ్గా లాగి ఊడదీస్తాడు చూడండి, అప్పుడు కూడా.

మా రోడ్డులో ఒక టింకర్ మేస్త్రీ ఉన్నాడు. ఆయన పనిచేసే వరస చూడముచ్చటగా ఉంటుంది. ముందు బానెట్ ఎత్తుతాడు. పది నంబర్ స్పానర్ తీసుకుని బ్యాటరీ మైనస్ విప్పుతాడు, ఆ తర్వాతే ప్లస్. ఈ క్రమానికి కారణం ఉంది. మైనస్ విప్పేటప్పుడు స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నష్టం లేదు, అదీ ఇదీ ఒకటే. ప్లస్ ముందు విప్పబోయి స్పానర్ బాడీకి తగిలితే బ్యాటరీ మొత్తం ఆ స్పానర్ గుండా ఖాళీ కావడానికి చూస్తుంది. స్పానర్ ఎర్రబడుతుంది, వేలికి ఉంగరం ఉంటే దాని సంగతి చెప్పనక్కర్లేదు. బిగించేటప్పుడు ఇదే వరస తిరగబడుతుంది. విప్పిన కొసలకు గుడ్డ చుట్టి, బ్యాటరీని ఎత్తి దూరంగా పెడతాడు. అది కరెంటు కోసం ఒక్కటే కాదు. ఛార్జింగ్ ఎక్కిన బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, రవ్వ పడితే పేలుతుంది. గల్లా రామచంద్రనాయుడు 1985లో మొదలుపెట్టిన అమరరాజా బ్యాటరీల కంపెనీ మా పక్కన కరకంబాడిలోనే ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎందరో అందులో పనిచేశారు. అందుకని బ్యాటరీ గ్యాసు గురించి ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పాల్సిన పని లేదు. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపుల సంగతి కూడా అంతే, అవి అందరికీ తెలిసిన భయాలు.

బ్యాటరీ తీసేశాక ఆయన టీ తాగడానికి వెళ్తాడు. ఓనర్లకు ఒళ్ళుమండేది ఇక్కడే. "బండి విప్పి పెట్టి టీకి పోయినాడు చూడు!" ఆ టీ ఎయిర్‌బ్యాగ్ కోసం. బ్యాటరీ ఊడదీసినా ఎయిర్‌బ్యాగ్ పెట్టెలోని కెపాసిటర్‌లో కాస్త కరెంటు నిలవ ఉంటుంది. గుద్దుకున్న క్షణాన బ్యాటరీ తెగిపోయినా సంచి విచ్చుకోవాలి కదా, అందుకు. అది ఆరిపోవడానికి కంపెనీని బట్టి ఒకటిన్నర నిమిషం నుంచి పది నిమిషాల దాకా ఆగమంటారు. సంచిని పేల్చే మందుకు కావలసింది సుమారు ఒక ఆంపియరు, అదీ సెకనులో వెయ్యోవంతుల లెక్కన. పక్కనే నూరు ఆంపియర్లు నడుస్తుంటే ఆ ఒక్కటి దారి తప్పి రావడం పెద్ద వింత కాదు. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ మన దేశంలో 2019 జులై నుంచి తప్పనిసరి అయింది. కాబట్టి ఇప్పుడు షెడ్డుకొచ్చే కొత్త కార్లన్నిటికీ ఆ టీ బాకీ ఉన్నట్టే. (ముందు వైపు లావుపాటి గొట్టాల బుల్‌బార్లు అతికించడం మా వైపు ఒక ముచ్చట. 2017 డిసెంబరులో కేంద్రం వాటిని తీసేయించమని రాష్ట్రాలకు రాసింది. వాటి వల్ల గుద్దుడు సరిగా తెలియక ఎయిర్‌బ్యాగ్ తడబడుతుందన్నది ఒక కారణం. అతికించేటప్పుడు ఒక ముప్పు, అతికించాక ఒక ముప్పు అన్నమాట.)

టీ తాగొచ్చి, అప్పుడు క్లిప్పు. పని జరిగే రేకు మీదే, బెత్తెడు దూరంలో, గ్రైండర్‌తో పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాక పట్టిస్తాడు. డోరుకు అతుకు వేయాలంటే క్లిప్పు డోరుకే, బాడీకి కాదు. లేకపోతే కరెంటు డోరు కీళ్ళ గుండా రావాలి. చక్రాల దగ్గర పని అయితే బేరింగు మధ్యలో పడకుండా చూస్తాడు. బేరింగు గోళీలకూ గాడికీ మధ్య చిన్న చిన్న ఆర్కులు లేచి గుంటలు పడితే, అది కొన్ని వారాల తర్వాత హోరుమని ఏడుస్తుంది. ఇంజిన్ పక్కన పనిపడితే కంప్యూటర్ సాకెట్టు కూడా లాగేస్తాడు. సైలెన్సర్ బ్రాకెట్‌కు అంత అవసరం లేదంటాడు, నాకూ ఆ మాట సబబుగానే తోస్తుంది. ప్రతి చిన్న టాకుకూ కారంతా విప్పాలనే చాదస్తం కూడా ఒకటి బయల్దేరింది. విప్పిన ప్రతి సాకెట్టూ విరిగే అవకాశం ఉన్న ప్లాస్టిక్కే.

బ్యాటరీ తీసేస్తే చాలు, కారు క్షేమం అని చాలామంది అనుకుంటారు. బ్యాటరీ తీసినా కంప్యూటరు నల్లవైరు బాడీకి బిగించే ఉంటుంది. దాన్ని ఎవరూ విప్పరు. అందుకే బ్యాటరీ కంటే క్లిప్పు పెద్దదని నా నమ్మకం. బ్యాటరీని ఉంచాలా తీయాలా అన్న దానిమీద తెలిసినవాళ్ళలోనే వాదం ఉంది. బ్యాటరీని అలాగే ఉంచి, దాని రెండు కొసలకు కుదుపులను మింగే చిన్న పెట్టె తగిలించి పనిచేసేవాళ్ళూ ఉన్నారు. ఆ కారు తయారుచేసిన కంపెనీ పుస్తకంలో ఏముంటే అది చేయడం మంచిది. క్లిప్పు దగ్గరగా ఉండాలన్న దానిమీద మాత్రం రెండో మాట ఎక్కడా వినలేదు.

ఫ్యాక్టరీలో ఈ తిప్పలు ఉండవు. శ్రీసిటీలో ఇసుజు కంపెనీ 2016 నుంచి పికప్ బండ్లు తయారుచేస్తోంది. అక్కడనే ఏముంది, ప్రపంచంలో ఏ కార్ల ఫ్యాక్టరీ అయినా ఒకటే వరస: ముందు రేకులు అతుకుతారు, ఆ తర్వాత పెయింటు, ఆ తర్వాత వైర్లు, పెట్టెలు, సీట్లు. వెల్డింగ్ జరిగే చోటికి వైరు అన్నదే రాదు. కంప్యూటర్లను కాపాడటానికి అక్కడ ప్రత్యేకంగా చేసే తపస్సు ఏమీ లేదు, ఏ పని ముందో ఏది వెనకో తెలిసి ఉండటమే. రోడ్డు పక్క షెడ్డులో ఆ వరస తలకిందులవుతుంది. అన్నీ బిగించిన బండిని మళ్ళీ అతకాలి. మేస్త్రీ బ్యాటరీ విప్పి, సాకెట్లు లాగి, వైర్ల కట్టను తడిగోనెపట్టా కింద దాచి చేసేదల్లా ఆ బండిని, ఇంకా వైర్లు పడని రోజుకు కాసేపు వెనక్కి పంపడం. ఫ్యాక్టరీలో ఇంజనీర్ల గుంపు కూర్చుని కుదిర్చిన వరసను ఆయన ఒక స్పానర్‌తో, ఒక గోనెపట్టాతో తిరగతోడుతున్నాడు.

దీనికి ఎంత ఇస్తున్నారు? ఏమీ ఇవ్వడం లేదు. బిల్లులో అతుకుకు ఇంత, రేకుకు ఇంత, పెయింటుకు ఇంత అని ఉంటుంది. జరగకుండా ఆగిపోయిన నష్టానికి గడి లేదు. పైగా తెగ జాగ్రత్తపడిన మేస్త్రీకే ఫిర్యాదులు. బ్యాటరీ తీసి పెట్టిన బండి ఇంటికెళ్ళాక గడియారం పన్నెండు చూపిస్తుంది. పాటల పెట్టె తన స్టేషన్లన్నీ మరిచిపోతుంది, కొన్నిట్లో అయితే రహస్య నంబర్ అడిగి మొండికేస్తుంది. అద్దం ఒక్క నొక్కుకు పైకి పోవడం మానేస్తుంది. ఇంజిన్ కంప్యూటరు తాను నేర్చుకున్న సర్దుబాట్లు మరిచిపోయి మొదటిరోజు కాస్త ఎగిరెగిరి పడుతుంది. ఓనరు ఫోను చేసి, "సైలెన్సర్‌కు ఇస్తే ఇంజిన్ చెడగొట్టినావే" అంటాడు.

బ్యాటరీ తీయని మేస్త్రీకి ఈ గొడవ లేదు. ఆయన దగ్గర్నుంచి వచ్చిన బండిలో గడియారం నిమిషం కూడా తప్పదు. దెబ్బ తగిలి ఉంటే అది ఆ రోజు చచ్చిపోయే దెబ్బ కాకపోవచ్చు. సిలికాన్ ముక్క సగం కాలి, మిగతా సగంతో నెలల తరబడి పనిచేయగలదు. ఎప్పుడో ఎండాకాలం మధ్యాహ్నం, కొండెక్కుతుంటే, డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలుగుతుంది. స్కానర్ పెట్టినవాడు "కంప్యూటర్ పోయింది సార్, ఈ మోడలే అంత" అంటాడు. టాకులు కొట్టింది ఎప్పుడు, దీపం వెలిగింది ఎప్పుడు? ఈ రెంటినీ ముడిపెట్టడానికి ఓనరు దగ్గర రుజువూ లేదు, అనుమానమూ లేదు. నిజంగానే ముడి లేకపోవచ్చు కూడా, కంప్యూటర్లు నీళ్ళు చేరీ పోతాయి, ఎలుకలు కొరికీ పోతాయి.

ఈ లెక్కన జాగ్రత్తపడ్డవాడి ఆనవాలు మాత్రమే గడియారంలో కనిపిస్తుంది, అజాగ్రత్త ఆనవాలు ఎక్కడా కనిపించదు. ఇంత వంకర మార్కెట్‌లో జాగ్రత్త బతికి ఉండటమే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

కొత్త బండ్లు ఈ వంకరను కొంత సరిచేస్తాయేమో. 2022 సెప్టెంబరులో అలిపిరి నుంచి తిరుమలకు ఆర్టీసీ కరెంటు బస్సులు మొదలయ్యాయి. వాటి అడుగున నారింజ రంగు కేబుళ్ళు పోతాయి, వందల వోల్టులు. అది చూసి "రెండు టాకులే గదా" అనే ధైర్యం ఎవరికీ రాదు. ఆ రంగే చెబుతుంది దగ్గరికి రావద్దని. పాపం 5 వోల్టుల వైరుకు అలాంటి రంగు లేదు. మనిషికి షాకు కొట్టే దానికి మనం భయపడతాం, మన వల్ల షాకు తినే దాన్ని పట్టించుకోం. కరెంటు కార్లు షెడ్లకు వచ్చేసరికి ఈ మేస్త్రీలు వాటిని ముట్టుకుంటారో, కంపెనీ షోరూములే గుత్తకు తీసుకుంటాయో చూడాలి. నా అనుమానం రెండోదే.

ఈ మధ్య మేస్త్రీ బిల్లు రాస్తుంటే ఉండబట్టలేక అన్నాను: "బ్యాటరీ విప్పి బిగించినందుకు, ఎయిర్‌బ్యాగ్ కోసం ఆగినందుకు ఒక లైను రాయరాదా? రెండు వందలైనా సరే. చదివినవాళ్ళకు నువ్వేం చేశావో తెలుస్తుంది."

ఆయన పెన్ను ఆపి నవ్వాడు. "ఆ లైను రాస్తే ఇంకేమన్నా ఉండాదా సార్! 'బ్యాటరీ తీసేదానికి కూడా దుడ్డేనా' అని పక్క షెడ్డుకు పోతారు. ఆడ తీయనే తీయరు, రెండు వందలు తక్కువ."

"మరి ఊరికే చేస్తున్నావా?"

"ఊరికే ఎవురు చేస్తారు సార్," అని బిల్లు నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించాడు. సైలెన్సర్ బ్రాకెట్ అతుకు, పెయింటు, ఆ కింద 'వెల్డింగ్ రాడ్లు' అని ఒక పద్దు. ఆ పనికి పట్టే రాడ్లకు మూడింతలు వేసి ఉంది.

"రాడ్లంటే ఎవురూ అడగరు సార్. అవి కాలిపోయేది అందరూ చూస్తారు గదా."